పౌరసత్వ పరీక్ష మారింది, మన పెద్దలకు పాఠం చెప్పే చోటు కావాలి: అమెరికాలోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, ఆలయ నిర్వాహకులకు, వారాంతపు తెలుగు బడులు నడుపుతున్న పెద్దలకు నమస్కారం.

నేను టెక్సాస్‌లో, డాలస్ పరిసరాలలో ఉంటాను. కొన్నేళ్ళుగా శనివారం మధ్యాహ్నాలు మా భోజనాల బల్ల దగ్గర నలుగురైదుగురు పెద్దవాళ్ళను కూర్చోబెట్టుకుని పౌరసత్వ పరీక్షకు పాఠాలు చెబుతున్నాను. వాళ్ళలో ఎక్కువమంది పిల్లల పిలుపు మీద అరవయ్యో పడిలో గ్రీన్ కార్డుతో ఈ దేశం వచ్చినవారు. ఊళ్ళో తెలుగు మాధ్యమంలో చదువుకుని, వ్యవసాయమో ఇంటి బాధ్యతో చూసుకుని, ఇక్కడికి వచ్చాక మనవళ్ళను పెంచుతున్నవారు. 2025 అక్టోబరు 20 నుంచి దాఖలైన దరఖాస్తులకు పరీక్ష మారింది. ఆ మార్పు భారం మనలో ఎవరికన్నా ఎక్కువగా వీళ్ళ మీదే పడబోతోంది. దానికి తగిన ఏర్పాటు ఒక ఇంటి బల్ల దగ్గర జరిగే పని కాదని, మీ చేతుల్లో ఉన్న స్థలమూ మనుషులూ నిధులూ దానికి అవసరమని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ముందు మారినదేమిటో చెబుతాను. ఈ పరీక్షలో ఇంగ్లీషు ఒక భాగం, ఈ దేశ చరిత్ర, ప్రభుత్వాల మీద నోటితో జవాబు చెప్పే సివిక్స్ మరొక భాగం. మారింది ఈ సివిక్స్ భాగం. 2008 నుంచి అమలులో ఉన్న పద్ధతిలో 100 ప్రశ్నల పట్టీ ఉండేది; అధికారి అందులోంచి 10 అడిగితే 6 సరిగ్గా చెప్పాలి. ఇప్పుడు పట్టీలో 128 ప్రశ్నలున్నాయి. 20 వరకు అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. 12 సరైన జవాబులు పూర్తయినా, 9 తప్పులు జరిగినా అధికారి అక్కడితో ఆపేస్తారు. శాతం లెక్కన చూస్తే రెండింటిలోనూ ఉత్తీర్ణత అరవై శాతమే కాబట్టి పెద్ద తేడా లేదని కొందరు అంటున్నారు. ఆ మాట డెబ్భై ఏళ్ళ మనిషి ఎదురుగా కూర్చుని చూడనివారిది. ఆరు జవాబులు చెప్పేదాకా నిలిచే ధైర్యం వేరు, ఒక అపరిచితుడి ముందు పరాయి భాషలో పన్నెండు జవాబులు పూర్తయ్యేదాకా నిలబెట్టుకోవలసిన ధైర్యం వేరు. 2025 అక్టోబరు 20కి ముందు దరఖాస్తు పెట్టినవారికి పాత పరీక్షే వర్తిస్తుంది. కనుక ఒకే ఇంట్లో భార్యకు ఒక పట్టీ, భర్తకు మరొక పట్టీ పడే అవకాశం ఉంది. ఈ తేదీ సంగతి తెలియక తప్పుడు పట్టీ చదువుతున్న ఇద్దరిని నేనే చూశాను.

ఈ 128 ప్రశ్నల పరీక్ష పూర్తిగా కొత్తదీ కాదు. 2020 డిసెంబరు 1న దాదాపు ఇదే రూపంలో మొదలై, ప్రభుత్వం మారగానే 2021 మార్చి 1 నుంచి ఆగిపోయింది. తర్వాత 2022 డిసెంబరులో, బొమ్మలు చూపించి ఇంగ్లీషులో వర్ణించమనే భాగాన్ని చేర్చి, సివిక్స్‌ను నాలుగు జవాబులలో ఒకటి ఎంచుకునే పద్ధతికి మార్చాలని ఒక ప్రతిపాదన వచ్చి, విమర్శల తర్వాత వెనక్కి పోయింది. ఇప్పటి మార్పును ప్రకటించినప్పుడు, పౌరసత్వ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్సే ఇది అనేక దశల మార్పులలో మొదటిదని చెప్పింది. ఐదేళ్ళలో ఇన్ని మలుపులు తిరిగిన పరీక్షకు, ఈ ఏడాది పట్టీని బట్టీ పట్టించడమే సిద్ధం కావడం అనుకుంటే, పట్టీ మారిన ప్రతిసారీ మన పెద్దలు ఓనమాల నుంచి మొదలుపెట్టాలి. విషయం అర్థమైన మనిషిని మాత్రం ప్రశ్న ఏ రూపంలో వచ్చినా తడబాటు లేకుండా నిలబెట్టగలం.

ఇక మన మధ్య బాగా పాతుకుపోయిన ఒక అపోహ గురించి. "అరవై అయిదు దాటితే పరీక్ష తెలుగులోనే ఉంటుంది, ఇరవై ప్రశ్నలు చదివితే చాలు" అన్న మాట మన వేడుకల్లో, వాట్సాప్ గుంపుల్లో ఎంత ధీమాగా వినిపిస్తుందో మీకు తెలుసు. ఆ మాటలో సగమే నిజం. అరవై అయిదేళ్ళు నిండడంతో పాటు, గ్రీన్ కార్డుతో ఇరవై ఏళ్ళు ఇక్కడ నివాసం కూడా పూర్తయి ఉండాలి; అప్పుడే 20 ప్రశ్నల చిన్న పట్టీ, అందులో 10 అడిగితే 6 చెప్పే వీలు, తమ భాషలో జవాబిచ్చే వీలు ఉంటాయి. యాభై అయిదేళ్ళు నిండి పదిహేనేళ్ళ నివాసం ఉన్నవారికి, యాభై నిండి ఇరవై ఏళ్ళ నివాసం ఉన్నవారికి ఇంగ్లీషు నుంచి మినహాయింపు ఉంది గానీ, సివిక్స్ పరీక్ష మాత్రం పూర్తి పట్టీ నుంచే, దుభాషి సహాయంతో తమ భాషలో నోటితో చెప్పిస్తారు. ఈ వయసూ నివాసమూ రెండూ దరఖాస్తు పెట్టే నాటికే నిండి ఉండాలి.

మా అమ్మ 2018లో, అరవై రెండేళ్ళ వయసులో, గ్రీన్ కార్డుతో వచ్చింది. ఆమెకు యాభై అయిదు, పదిహేను లెక్క 2033లో, డెబ్భై ఏడో ఏట నిండుతుంది. అరవై అయిదు, ఇరవై లెక్క 2038లో, ఎనభై రెండో ఏట. నాకు అప్పట్లో ఈ లెక్క తెలియదు. ఒక సామూహిక వేడుకలో, ఇలాంటి విషయాలు తెలిసినవాడని పేరున్న ఒక పెద్దమనిషి చెప్పిన మాట నమ్మి, చిన్న పట్టీని తెలుగులో నేర్పించి ఇంటర్వ్యూకు తీసుకువెళ్ళాను. లోపల అధికారి ఇంగ్లీషులో మొదలుపెట్టారు. అమ్మ పది నిమిషాలలో బయటికి వచ్చింది. కారులో ఇంటికి వస్తూ ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "నీ డబ్బులు పోయాయా అమ్మా" అని మాత్రం అడిగింది. తప్పిన భాగానికి అరవై నుంచి తొంభై రోజులలోపు మరొక అవకాశం ఇస్తారు. ఆ రెండు నెలలూ నేను ఉద్యోగం నుంచి వచ్చాక రాత్రి తొమ్మిది నుంచి పది దాకా కూర్చుని చెప్పాను, అమ్మ రెండోసారి గెలిచింది. అప్పుడు ఉన్నది పాత పరీక్ష. అదే పొరపాటు ఇప్పుడు జరిగితే, రెండు నెలలలో 128 ప్రశ్నలూ ఇంగ్లీషూ కలిపి నేర్పడం ఎవరి వల్ల అవుతుందో నేను చెప్పలేను. రెండోసారీ తప్పితే దరఖాస్తు తిరస్కరించి, ఆన్‌లైన్‌లో అయితే 710 డాలర్లు, కాగితం మీద అయితే 760 డాలర్లు మళ్ళీ కట్టి మొదటి నుంచి రమ్మంటారు.

ప్రశ్నల సంఖ్య కంటే ప్రశ్నల తీరులో వచ్చిన తేడా పెద్దది. పాత పట్టీలో ప్రభుత్వపు మూడు విభాగాలలో (శాసన, కార్యనిర్వాహక, న్యాయ) ఒకదాని పేరు చెప్పమనేవారు, ఇప్పుడు మూడూ చెప్పాలి. మొదటి పదమూడు రాష్ట్రాలలో మూడు చెబితే సరిపోయేది, ఇప్పుడు అయిదు కావాలి. వాటికంటే ముఖ్యంగా "ఎందుకు" అన్న ప్రశ్నలు పెరిగాయి: ప్రతినిధుల సభ సభ్యుల పదవీకాలం సెనేటర్ల కన్నా ఎందుకు తక్కువ, ప్రతి రాష్ట్రానికీ ఇద్దరే సెనేటర్లు ఎందుకు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు జీవితాంతం ఎందుకు ఉంటారు, ఫెడరలిస్ట్ పత్రాలకు (అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ అప్పట్లో రాసిన వ్యాసాలు) ఎందుకంత ప్రాముఖ్యం. పేరు అడిగితే బట్టీ పట్టిన పేరు చెప్పవచ్చు. ఎందుకని అడిగితే, ఆ ఎందుకు ముందు మనసులో తెలుగులో తేలాలి.

మన పెద్దలు ఈ విషయంలో ఖాళీ చేతులతో రాలేదన్న సంగతి నాకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టాకే అర్థమైంది. జీవితమంతా ఓటు వేసినవారు, పంచాయతీ ఎన్నికల నుంచి పార్లమెంటు ఎన్నికల దాకా చావడి అరుగుల మీద తర్కించినవారు. సెనేటర్ పదవీకాలం ఆరేళ్ళని చెప్పగానే, మా తరగతిలో మాటల్లో పొదుపరి అయిన ఒక తాతగారు "రాజ్యసభ సభ్యుడికీ ఆరేళ్ళేగా" అన్నారు. అమెరికా ఉపాధ్యక్షుడు సెనేట్‌కు అధ్యక్షత వహిస్తాడంటే, మన ఉపరాష్ట్రపతి రాజ్యసభకు అధ్యక్షత వహించినట్టే అని వెంటనే పట్టుకున్నారు. అక్కడి నుంచి తేడా చెప్పడం సులువు: రాజ్యసభలో ఉత్తరప్రదేశ్‌కు 31 స్థానాలు, ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7, అంటే జనాభాను బట్టి, ఇక్కడ మాత్రం కోట్ల జనం ఉన్న కాలిఫోర్నియాకూ ఇద్దరే, జనం పలుచగా ఉన్న వయోమింగ్‌కూ ఇద్దరే, చిన్న రాష్ట్రం మాట పెద్ద రాష్ట్రం కింద నలిగిపోకూడదని. ఈ ఒక్క పోలిక వేసుకున్నాక ఆ ప్రశ్నకు జవాబు ఎవరూ మరచిపోలేదు. లోక్‌సభకు అయిదేళ్ళు, ఇక్కడి ప్రతినిధుల సభకు రెండేళ్ళు, తరచుగా ప్రజల ముందుకు వచ్చి ఓటు అడగాలి గనుక ప్రజల అభిప్రాయానికి దగ్గరగా ఉంటారు. మన సుప్రీంకోర్టు న్యాయమూర్తి అరవై అయిదేళ్ళకు పదవీ విరమణ చేస్తాడు, ఇక్కడ జీవితాంతం ఉంటాడు, తర్వాతి పదవి కోసం ఎవరి దయా చూడనక్కరలేదు. రాజ్యాంగం మొదటి మూడు మాటలు చెప్పమంటే, "భారత ప్రజలమైన మేము" అని మన పీఠిక మొదలైనట్టే ఇదీ "వియ్ ద పీపుల్" అని మొదలవుతుందని చెబితే చాలు. ప్రభుత్వానికి అధికారం ఎక్కడి నుంచి వచ్చిందన్న అసలు భావం కూడా దానితోపాటే వస్తుంది.

పోలిక మోసం చేసే చోట్లు కూడా ఉన్నాయి, అవి ముందే చెప్పాలి. గవర్నర్ అనగానే మన పెద్దలకు రాజ్‌భవన్ గుర్తొస్తుంది, ఢిల్లీ నుంచి నియమించే మనిషి అనుకుంటారు. ఇక్కడి గవర్నర్‌ను జనమే ఎన్నుకుంటారు, పాలన అతనిదే, కాబట్టి మన ముఖ్యమంత్రిలా అని చెప్పాలి. ప్రెసిడెంటు అంటే రాష్ట్రపతి అని తెలుగులో అర్థం చెప్పి ఊరుకుంటే, అధికారం ప్రధానమంత్రి దగ్గర ఉంటుందనుకుని ఇక్కడి ప్రధానమంత్రి ఎవరని అడుగుతారు. ఇవన్నీ ఇంగ్లీషు పట్టీ పక్కన తెలుగు అనువాదం పెట్టినంత మాత్రాన తీరే చిక్కులు కావు. రెండు దేశాల వ్యవస్థలూ తెలిసినవారు కూర్చుని రాయవలసిన పాఠ్యం ఇది.

"ఈ వయసులో వీళ్ళ చరిత్ర మనకెందుకమ్మా" అని మా తరగతికి వచ్చే ఒక పెద్దావిడ అడిగితే భగత్ సింగ్ థిండ్ సంగతి చెప్పాను. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన ఆ పంజాబీకి, భారతీయులు శ్వేతజాతి కిందికి రారన్న కారణంతో పౌరసత్వ అర్హత లేదని 1923లో ఈ దేశపు సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. భారతీయులకు ఆ తలుపు తెరుచుకోవడానికి 1946లో చట్టం రావలసి వచ్చింది. ఆ తర్వాత 1956 ఎన్నికలలో మన దేశం నుంచే వచ్చిన దలీప్ సింగ్ సౌంద్ ఈ దేశపు చట్టసభ అయిన కాంగ్రెస్‌కు గెలిచాడు. ఈ కథ పరీక్షలో అడగరు. కానీ ఇక్కడ పుట్టినవారికి పౌరసత్వం ఇచ్చిన పధ్నాలుగో రాజ్యాంగ సవరణ, జాతిని బట్టి ఓటు కాదనరాదన్న పదిహేనో సవరణ, మార్టిన్ లూథర్ కింగ్ ఎవరన్న ప్రశ్న, ఇవన్నీ ఆ కథ విన్నాక ఆమెకు తన ఇంటి సంగతుల్లా అయ్యాయి. కింగ్ 1959లో గాంధీ పుట్టిన దేశాన్ని చూడాలని మన దేశం వచ్చాడని చెప్పినప్పుడు ఆమె పుస్తకంలో ఆ సంవత్సరం రాసుకున్నారు.

సివిక్స్ గురించి ఇంత చెప్పినా, మన పెద్దలను ఎక్కువగా తడబెట్టేది ఇంగ్లీషు సంభాషణే. చదవడానికి ఇచ్చే మూడు వాక్యాలలో ఒకటి తప్పు లేకుండా చదవాలి, చెప్పిన మూడింటిలో ఒకటి రాయాలి. ఆ పదాల పట్టీ ముందే దొరుకుతుంది కనుక దిద్దించి దిద్దించి నేర్పవచ్చు. చాలాచోట్ల కాగితం కాదు, ట్యాబ్లెట్ తెర మీద రాయాలి, దానికీ చేతికి అలవాటు కావాలి. కానీ మాట్లాడే భాగానికి పట్టీ లేదు. ఎన్-400 అనే పౌరసత్వ దరఖాస్తులో ఉన్న విషయాల మీదే అధికారి ప్రశ్నలు వేసి ఇంగ్లీషు అంచనా వేస్తారు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, ఎప్పుడైనా అమెరికా పౌరులమని చెప్పుకున్నారా వంటి ప్రశ్నలకు, అర్థం కాకపోయినా పెద్ద మనిషి అడిగాడు కదా అన్న మర్యాదతో మన పెద్దలు "యస్" అంటారు. కొందరు మన అలవాటు ప్రకారం తల అటూ ఇటూ ఊపుతారు. అది అవునో కాదో ఎదుటి మనిషికి తెలియదు. అర్థం కాకపోతే మరొకసారి చెప్పమని అడగడం అమర్యాద కాదని, అది వాళ్ళ హక్కని నేర్పడానికే నాకు రెండు వారాలు పడుతుంది. పుట్టింటి ఇంటిపేరు, అత్తింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో ముందుకు వెనక్కు మారిన పేరు, వీటన్నిటికీ జవాబు సిద్ధం చేసుకోవాలి. బడిలో చేర్చిన రోజు మాస్టారు వేసిన పుట్టినతేదీ ఒకటి, ఇంట్లో తిథి ప్రకారం చేసుకునే పుట్టినరోజు మరొకటి ఉన్నవారు, పత్రాలలో ఉన్న తేదీ తడుముకోకుండా చెప్పడం నేర్చుకోవాలి.

ఇంత శ్రమ పడి ఈ వయసులో పౌరసత్వం ఎందుకని మీలో కొందరు అనుకోవచ్చు. చాలామందికి కారణం ఊరే. గ్రీన్ కార్డు మీద ఉన్నవారు ఆరు నెలలు దాటి బయట ఉంటే పౌరసత్వానికి కావలసిన నిరంతర నివాసం ప్రశ్నార్థకమవుతుంది, ఏడాది దాటితే తెగిపోతుంది, గ్రీన్ కార్డుకే ముప్పు రావచ్చు. పౌరసత్వం వచ్చాక మాత్రం ఊళ్ళో ఎన్ని నెలలు ఉన్నా పిల్లల దగ్గరికి తిరిగి వచ్చే దారి మూసుకుపోదు. దీనికి చెల్లించే మూల్యం కూడా వాళ్ళకు స్పష్టంగా చెప్పాలి: మన 1955 పౌరసత్వ చట్టం ప్రకారం మరో దేశపు పౌరసత్వం తీసుకోగానే భారత పౌరసత్వం పోతుంది, పాస్‌పోర్టు అప్పగించాలి, ఓటు ఉండదు, విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డుతో రాకపోకలు సాగుతాయి గానీ వ్యవసాయ భూమి కొత్తగా కొనే వీలుండదు. ఉన్న పొలం ఏమవుతుందన్న ప్రశ్న ప్రతి తరగతిలోనూ వస్తుంది. అక్కడ నివసిస్తున్నప్పుడు సంపాదించుకున్నదీ, వారసత్వంగా వచ్చినదీ ఉంచుకోవచ్చని చెప్పాకే వాళ్ళ మనసు పాఠం మీదికి వస్తుంది.

ఇప్పుడు నేను మిమ్మల్ని అడిగేవి చెబుతాను. ప్రతి నగర సంఘమూ, వీలైన ప్రతి ఆలయమూ వారానికి రెండు గంటలు ఒక గదిని పెద్దల పౌరసత్వ తరగతికి ఇవ్వాలి. అది వేసవి శిబిరంలా రెండు వారాల పని కాకుండా ఏడాది పొడవునా సాగాలి, ఎందుకంటే ఆరేడు నెలల తీరిక లేనిదే ఈ వయసులో భాష ఎక్కదు. వారాంతపు తెలుగు బడులలో పిల్లలు అ ఆలు దిద్దుతున్న సమయానికి, వాళ్ళను తీసుకొచ్చిన తాతయ్యలూ అమ్మమ్మలూ బయట కార్లలో కూర్చుని ఉంటారు. పక్క గది తెరిస్తే తరగతి సిద్ధం. హైస్కూలు పిల్లలు బడిలో ఈ దేశ చరిత్ర, ప్రభుత్వ పాఠాలు చదువుతున్నారు. అధికారి స్థానంలో కూర్చుని అమెరికా యాసలో ప్రశ్నలు అడగడానికి వాళ్ళకన్నా తగినవారు లేరు. బడిలో చూపించుకోవడానికి స్వచ్ఛంద సేవా గంటలు వాళ్ళకూ కావాలి. నిజానికి మా తరగతిలో పెద్దల భయం పోగొట్టింది నా పాఠాలు కావు, పదిహేనేళ్ళ పిల్లాడు ఎదురుగా కూర్చుని గంభీరంగా వేసిన ప్రశ్నలే.

జాతీయ సంఘాలు చేయగల పని వేరే ఉంది. 128 ప్రశ్నలకూ, నేను పైన చెప్పిన తరహా తెలుగు వివరణతో, ఒక పాఠ్యాన్ని ఒకేసారి తయారు చేయించి అందరికీ ఉచితంగా ఇవ్వండి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. చదవడం కష్టమైనవారి కోసం మాటగా రికార్డు చేయించాలి, ఇంగ్లీషు జవాబు నెమ్మదిగా ఒకసారి, మామూలు వేగంతో ఒకసారి. అధ్యక్షుడు, గవర్నర్, సెనేటర్లు, ప్రతినిధుల సభ స్పీకర్ వంటి పేర్లు ఎన్నికలతో మారతాయి కనుక ప్రతి మార్పుకూ పాఠ్యాన్ని సరిచేసే బాధ్యత ఒకరికి అప్పగించాలి. పాత పేరు నేర్చుకుని వెళ్ళినందుకు ఒక జవాబు పోగొట్టుకున్నవారు మా దగ్గరే ఉన్నారు.

ఒక హద్దు మాత్రం తప్పక పాటించండి. పాఠం చెప్పడం ఎవరైనా చేయవచ్చు. ఎవరు ఎప్పుడు దరఖాస్తు పెట్టాలో, ఏ ప్రశ్నకు ఫారంలో ఏం రాయాలో సలహా ఇవ్వడం న్యాయవాదులూ, అమెరికా న్యాయశాఖ గుర్తింపు పొందిన ప్రతినిధులూ చేయవలసిన పని. వేడుకలో మైకు పట్టుకున్నవారు మినహాయింపుల గురించి చెప్పే ఒక్క తప్పు మాట ఏం చేస్తుందో నేను మా అమ్మ ముఖంలో చూశాను. జ్ఞాపకశక్తి తగ్గినవారికీ, పక్షవాతం వంటి వ్యాధులతో నేర్చుకోలేని స్థితిలో ఉన్నవారికీ ఎన్-648 అనే వైద్య ధ్రువపత్రంతో మినహాయింపు కోరే దారి ఉంది. మన సంఘాలలో వైద్యులకు కొదవ లేదు. ఆ పత్రం ఎలా నింపాలో తెలిసిన వైద్యులు, న్యాయవాదులు కలిసి ఏడాదికి రెండుసార్లు కూర్చుంటే ఎన్నో కుటుంబాలకు దారి తెలుస్తుంది.

మా అత్తయ్యగారికి గ్రీన్ కార్డు 2021 చివరలో వచ్చింది. 2026 చివరికి అయిదేళ్ళు నిండుతాయి. అంతకు తొంభై రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టవచ్చు. ఆమె రాయబోయేది కొత్త పరీక్షే. ఆమెకు వివరించడానికి నేను రాసుకున్న తెలుగు పాఠాలు సగానికి పైగా పూర్తయ్యాయి. వాటిని ఏ సంఘానికైనా, ఏ ఆలయానికైనా, పేరు వేయమని కూడా అడగకుండా ఇస్తాను. తప్పులు దిద్దేవారు దొరికితే ఇంకా మేలు. మీ తదుపరి కార్యవర్గ సమావేశంలో ఈ లేఖను చర్చకు పెట్టి, గది ఇస్తామో లేదో, ఇస్తే ఏ వారం నుంచో నిర్ణయించి మీ సభ్యులకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

నమస్కారాలతో,
డాలస్ పరిసరాలలో పెద్దలకు పౌరసత్వ పాఠాలు చెప్పే ఒక తెలుగు ఆడపడుచు